చెడిపోయిన సెన్సరుకు గడువు ఎవరు పెట్టాలి?

2025 నవంబరు చివర్లో ఎయిర్‌బస్ సంస్థ తన ఏ320 కుటుంబంలోని సుమారు 6,000 విమానాలకు ఒక నియంత్రణ కంప్యూటరు సాఫ్ట్‌వేరును వెంటనే మార్చాలని కబురు పెట్టినప్పుడు మన విమానాశ్రయాల్లోనూ కొంత హడావిడి జరిగింది. తీవ్రమైన సౌర వికిరణం వల్ల ఆ కంప్యూటరులోని డేటా చెడిపోయే అవకాశం ఉందన్నది చెప్పిన కారణం. నేను యంత్రాల కంట్రోల్ ప్యానెళ్ళతో బతికేవాణ్ణని తెలిసిన బంధువులు ఆ వారం నన్ను ఒకే మాట అడిగారు: “అన్ని కంప్యూటర్లు పెడతారంటారు కదా, ఒకటి తప్పు చేస్తే మిగతావి పట్టుకోలేవా?”

అడగవలసిన ప్రశ్నే. ఏ320లో విమానాన్ని అదుపు చేసే కదిలే పలకలు రెక్కల మీదా తోక మీదా ఉంటాయి; వాటిలో ఎలివేటర్లనూ ఐలరాన్లనూ చూసే కంప్యూటర్లు రెండు, స్పాయిలర్లనూ ఎలివేటర్లనూ చూసేవి మూడు, రడ్డరు సంగతి చూసేవి రెండు, మొత్తం ఏడు ఉంటాయి. ఎవరైనా తప్పు చేస్తే మిగతావాటి సాయంతో పట్టుకునే ఏర్పాటు ఉంటుంది, అది చాలాసార్లు సరిగ్గానే పనిచేస్తుంది కూడా. అయితే మన ప్రశ్న అక్కడితో ఆగిపోవడం నాకు నచ్చదు. పట్టుకున్నాక ఏం జరుగుతుంది? తప్పు చెబుతున్న సెన్సరును వ్యవస్థ పక్కన పెట్టి, మిగిలినవాటితో పని సాగిస్తుంది. ఆ పక్కన పెట్టిన సంగతి ఎవరికి తెలుస్తుంది, ఎప్పటిలోగా దాన్ని మార్చాలని ఎవరు చెబుతారు అన్న విషయం మీద నాకు చాలాకాలంగా ఒక గట్టి అభిప్రాయం ఉంది. లోపాన్ని తట్టుకునే వ్యవస్థ తాను తట్టుకుంటున్న ప్రతి లోపాన్నీ ఒక గడువుతో సహా ఒక మనిషి పద్దులో రాయించాలి. అలా రాయించని వ్యవస్థ ఎన్ని లోపాలను తట్టుకున్నా సరే, దాన్ని భద్రమైనదని అనడానికి నాకు మనసొప్పదు. ఈ అభిప్రాయానికి ఎదురయ్యే అభ్యంతరాలు చిన్నవేమీ కావు, వాటిలో కొన్నింటికి నా దగ్గర ఉన్నది సగం జవాబే.

2001లో చెడి, 2005లో తిరిగొచ్చిన సెన్సరు

ఈ అభిప్రాయం నాలో స్థిరపడింది ఆస్ట్రేలియా రవాణా భద్రతా సంస్థ వారి దర్యాప్తు నివేదిక ఒకటి చదివాక. 2005 ఆగస్టు 1న మలేసియా ఎయిర్‌లైన్స్‌కు చెందిన బోయింగ్ 777 ఒకటి పెర్త్ నుంచి కౌలాలంపూరుకు బయల్దేరింది. అది 38,000 అడుగుల ఎత్తుకు చేరుతున్న వేళ, వేగం ప్రమాదకరంగా తగ్గిందనీ హద్దు మీరి పెరిగిందనీ పైలట్ల ముందున్న తెర ఒకేసారి చూపించడం మొదలుపెట్టింది. విమానం ముక్కు తనంతట తానే పైకి లేచింది. దాదాపు 41,000 అడుగుల దాకా ఎగబాకేసరికి గాలిలో వేగం 270 నాట్ల నుంచి 158 నాట్లకు పడిపోయింది. పైలట్లు ఆటోపైలట్‌ను తప్పించి, విమానాన్ని చేతిలోకి తీసుకుని, పెర్త్‌కే తిరిగివచ్చి క్షేమంగా దించారు.

ఆ విమానంలో త్వరణాన్నీ భంగిమనూ వేగాన్నీ లెక్కగట్టి మిగతా కంప్యూటర్లకు అందించే ప్రధానమైన పెట్టె ఒకటే. ఒకటే అన్నానని కంగారు పడనక్కరలేదు. దాని లోపల తిరుగుడును కొలిచే జైరోలు ఆరు, త్వరణాన్ని కొలిచే యాక్సిలరోమీటర్లు ఆరు, నాలుగు ప్రాసెసర్లు, మూడు పవర్ సప్లైలు ఉంటాయి. ఆరు యాక్సిలరోమీటర్లనూ వేరువేరు కోణాల్లో ఒరిగేలా అమరుస్తారు. మనకు కావలసినవి మూడు దిక్కుల త్వరణాలు, కాబట్టి లెక్కకు మూడు సెన్సర్లు చాలు. నాలుగు ఉంటే వాటిలో ఎవరో ఒకరు అబద్ధం చెబుతున్నారని తెలుస్తుంది గానీ ఎవరో తెలియదు. అయిదు ఉంటే ఎవరో కూడా తెలుస్తుంది. ఆరు ఉంటే ఆ అబద్ధాలకోరును పక్కన పెట్టిన తరువాత మరొకటి చెడినా దాన్ని కూడా గుర్తుపట్టవచ్చు. ఇంజనీర్లు కాగితం మీద గీసుకున్నప్పుడు ముచ్చటపడే ఏర్పాటు ఇది, నేనూ ముచ్చటపడ్డాను.

ఆ పెట్టెలో అయిదో యాక్సిలరోమీటరు 2001 జూన్‌లోనే చెడిపోయింది. ఉన్నదానికంటే బాగా ఎక్కువ విలువలు చెప్పడం మొదలుపెట్టింది. పెట్టె దాన్ని పసిగట్టి, పక్కన పెట్టి, మిగిలిన అయిదింటితో నాలుగేళ్ళ పాటు విమానాన్ని నడిపించింది. ఒక భాగం చెడినంత మాత్రాన మెకానిక్‌ను పిలవనక్కరలేదన్నది దాని రూపకల్పనలోనే ఉంది, కొనేవాళ్ళకు అది ఒక ఆకర్షణ కూడా. 2005 ఆగస్టు 1న ఆరో యాక్సిలరోమీటరు చెడింది. పెట్టె దాన్నీ పసిగట్టింది. కానీ సాఫ్ట్‌వేరులో ఎప్పటినుంచో దాగి ఉన్న ఒక దోషం వల్ల, ఆరోదాన్ని బయటికి పంపే సందర్భంలో, నాలుగేళ్ళ కిందట బయటికి పంపిన అయిదోదాని విలువలను మళ్ళీ లెక్కలోకి తీసుకుంది.

ఈ కథ చెప్పేవాళ్ళందరూ ఆ సాఫ్ట్‌వేరు దోషం దగ్గరే ఆగిపోతారు. నా చూపు మాత్రం ఆ నాలుగేళ్ళ మీదే ఉంటుంది. ఇంట్లో మంచి ఇన్వర్టరు ఉన్నవాళ్ళకు కరెంటు పోయిన సంగతి బ్యాటరీ కూడా అయిపోయినప్పుడే తెలుస్తుంది. ఆ పెట్టె అంత బాగా పనిచేసింది కాబట్టే, అందులో ఒక సెన్సరు ఎప్పుడో పోయిందన్న సంగతి ఎవరికీ పట్టింపు లేని సంగతి అయిపోయింది. 2001లోనో 2002లోనో దాన్ని మార్చి ఉంటే ఆ సాఫ్ట్‌వేరు దోషం పోయేదికాదు, నిజమే. కానీ ఆరోది చెడిన రోజున వెనక్కి తెచ్చుకోవడానికి పాడైన సెన్సరు అక్కడ ఉండేది కాదు.

ఇది లెక్కల పరంగా కూడా చిన్న విషయం కాదు. విమానాన్ని కూల్చగల వైఫల్యం ఏదైనా గంట ప్రయాణానికి 100 కోట్లలో ఒక వంతు కంటే అరుదుగా ఉండాలని ధ్రువీకరణ నియమాలు అడుగుతాయి. ఏ ఒక్క భాగమూ అంత నమ్మకమైనది కాదు కాబట్టి, ఒకదానికి తోడు మరొకటి చెడితేనే ప్రమాదం వచ్చేలా రూపొందించి ఆ అంకెకు చేరుకుంటారు. ఆ గుణకారంలో మొదటి లోపం ఎంతకాలం ఎవరికీ తెలియకుండా ఉండగలదన్న సంఖ్య ఒకటి ఉంటుంది. ప్రతి ప్రయాణానికి ముందూ పరీక్షిస్తే ఆ సంఖ్య కొన్ని గంటలు, ఎవరూ చూడకపోతే అది ఏళ్ళు. సెన్సరు అదే, సంభావ్యత మాత్రం వేల రెట్లు మారుతుంది. అందుకే “ఆరు ఉన్నాయి” అన్న మాటకు నేను పెద్దగా విలువ ఇవ్వను. ఈ ఉదయం ఎన్ని బాగున్నాయో, ఆ సంగతి ఎవరికి తెలుసో అడుగుతాను.

ఆపేస్తే ఏమవుతుంది

దీనికి సులువైన జవాబు ఒకటి ఉంది: లోపం కనబడగానే ఆపేస్తే సరి. నేను పనిచేసే చోట్ల ఈ జవాబు ఎలా పాడవుతుందో దగ్గరగా చూశాను.

ఒక వర్క్‌షాపులో హైడ్రాలిక్ ప్రెస్సు ఒకటి ఉండేది. దాని ముందు తలుపు తెరిచి ఉండగా ర్యాము (కిందికి నొక్కే దిమ్మ) దిగకూడదు. అందుకోసం తలుపు దగ్గర రెండు స్విచ్చులు, వాటి రెండు చానళ్ళనూ పోల్చి చూసే సేఫ్టీ రిలే ఒకటి బిగించి ఉంటాయి. రెండు చానళ్ళూ ఒకే మాట చెప్పినంతసేపే యంత్రం కదులుతుంది. ఒకటి తెరుచుకుని రెండోది తెరుచుకోకపోతే రిలే లాక్ అయిపోతుంది, మళ్ళీ రెండూ సరిగ్గా తెరుచుకుని మూసుకునేదాకా రీసెట్ కాదు. లోపాన్ని పట్టుకోవడంలో ఇంతకంటే నిజాయితీ అయిన పరికరం మరొకటి ఉండదేమో. వేరే పని మీద వెళ్ళి ప్యానెలు తలుపు తీసి చూస్తే, రిలే మీద పచ్చ దీపాలు రెండూ చక్కగా వెలుగుతున్నాయి. రెండో చానలు టెర్మినలు దగ్గర మాత్రం, మిగతా వైరింగులో ఎక్కడా లేని ఎర్ర తీగ ముక్క ఒకటి నల్ల టేపు చుట్టుకుని కనబడింది. ఒక స్విచ్చు పాడైతే, ఎవరో రెండు చానళ్ళనూ బాగున్న స్విచ్చు మీదికే కలిపేశారు. ఇప్పుడు రిలే ఇద్దరు సాక్షులను అడుగుతున్నాననుకుంటోంది గానీ నిజానికి ఒకడినే రెండుసార్లు అడుగుతోంది.

ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అడిగితే అతను దాచలేదు. “కొత్త స్విచ్చు వచ్చాక తీసేద్దామనుకున్నాం సార్. లైను ఆగితే సూపర్‌వైజరు పీకల మీద కూర్చుంటాడు. స్టోరులో స్విచ్చు లేదు, తెప్పించమని చెప్పాం.” స్విచ్చు ఎప్పుడు తెప్పించమన్నారో, ఎవరికి చెప్పారో ఎక్కడా రాసి లేదు. అతని మీద కోపం తెచ్చుకోవడం తేలిక. కానీ ఆ యంత్రం అతనికి ఇచ్చిన దారులు రెండే: లోపం ఉంటే పూర్తిగా ఆగిపోవడం, లేదా లోపమే లేదన్నట్టు నడవడం. ఆగే వీలు లేదు గనుక, లేదన్నట్టు నడిపించాడు.

777 పెట్టె, ఈ ప్రెస్సు రెండూ నా దృష్టిలో ఒకే తప్పుకు రెండు కొసలు. ఒకటి మరీ మౌనంగా తట్టుకుంది. రెండోది ఏమాత్రం తట్టుకోనన్నది, కాబట్టి మనుషులే దాని నోరు మూయించారు. చివరికి రెండు చోట్లా మిగిలింది ఒక్కటే: ఒక లోపం, దాని గురించి ఏ పద్దులోనూ లేని రాత.

చెప్పినా వినేవాడు లేకపోతే

“చెప్పాలి” అనడం కూడా చాలదు. 1996 జూన్ 4న దక్షిణ అమెరికాలోని కూరూ నుంచి ఎగిరిన, యూరప్ వారి మొదటి ఏరియాన్ 5 రాకెట్టు కథ అందరికీ తెలిసినదే కాబట్టి క్లుప్తంగా చెబుతాను. 64 బిట్ల దశాంశ సంఖ్య 16 బిట్ల పూర్ణాంకంలో పట్టక, దిశను లెక్కగట్టే యూనిట్లు రెండూ ఆగిపోయాయి, మొదట స్టాండ్‌బైలో ఉన్నది, ఆ వెంటనే అసలుది. రెండింటిలోనూ ఉన్నది ఏరియాన్ 4 నుంచి తెచ్చిన ఒకే సాఫ్ట్‌వేరు కాబట్టి, రెండోది ఉండి కూడా ఒరిగిందేమీ లేదు. ఇంతవరకు అందరూ చెప్పే సంగతి. నాకు అంతకంటే ఆసక్తి కలిగించేది ఆ తరువాతి క్షణం. ఆగిపోతున్న యూనిట్ మౌనంగా ఆగలేదు. తనకేమైందో తెలిపే డయాగ్నొస్టిక్ సమాచారాన్ని బస్సు మీద, అంటే కంప్యూటర్లు డేటాను పంచుకునే తీగల మీద, పెట్టింది. ప్రధాన కంప్యూటరు దాన్ని నిజమైన ప్రయాణపు డేటా అనుకుని చదివి, రాకెట్టు దారి తప్పిందని నమ్మి, మంట వెలువడే నాజిళ్ళను ఒక పక్కకు పూర్తిగా తిప్పేసింది. అంటే లోపాన్ని ప్రకటించడం జరిగింది, ఆ ప్రకటనను ప్రకటనగా గుర్తించేవాడే అవతల లేడు.

దాదాపు అలాంటి ఓవర్‌ఫ్లో (సంఖ్య తనకిచ్చిన చోటులో పట్టకపోవడం) అంతకు మూడేళ్ళ ముందే మన శ్రీహరికోటలో జరిగిందన్నది బయట అంతగా చెప్పుకోని విషయం. 1993 సెప్టెంబరు 20న ఐఆర్‌ఎస్-1ఈ ఉపగ్రహంతో ఎగిరిన మొదటి పీఎస్‌ఎల్‌వీ, రెండో దశ విడిపోయే సమయంలో బాగా కుదుపుకు లోనైంది. ఆ కుదుపును సరిచేయడానికి ఇవ్వవలసిన ఆదేశం అనుకున్న గరిష్ఠ విలువను దాటింది. పిచ్ (ముక్కు పైకీ కిందికీ ఊగడం) నియంత్రణ సాఫ్ట్‌వేరులో అలా దాటినప్పుడు మాత్రమే బయటపడే దోషం ఒకటి ఉంది. మామూలు ప్రయాణంలో ఆ విలువ ఎన్నడూ రాదు కనుక మామూలు పరీక్షల్లో అది బయటపడదు. ఉపగ్రహం కక్ష్యకు చేరలేదు. అయితే టెలిమెట్రీ ద్వారా రాకెట్టు నేలకు పంపిన సమాచారం నుంచి కారణాలను రాబట్టారు, 1994 అక్టోబరు 15న రెండో పీఎస్‌ఎల్‌వీ విజయవంతమైంది. ఎగురుతున్న రాకెట్టులో లోపం తెలిసినా చేయగలిగింది ఏముందని అడిగేవాళ్ళకు ఇది చూపిస్తాను. ఆ రాకెట్టుకు అక్కరకు రాకపోవచ్చు, తరువాతి రాకెట్టుకు వస్తుంది.

బోయింగ్ 737 మ్యాక్స్ విమానం సంగతి మరీ బాధాకరం. ముక్కును తనంతట తానే కిందికి తోసే ఎమ్‌క్యాస్ అనే సాఫ్ట్‌వేరు ఒక ప్రయాణంలో ఒక్క యాంగిల్ ఆఫ్ అటాక్ (ఎదురుగాలితో రెక్క చేసే కోణం) సెన్సరు మాటే వినేది, విమానానికి రెండు ఉన్నప్పటికీ. ఆ రెండూ వేరువేరు మాటలు చెబుతున్నాయని తెలిపే హెచ్చరిక అన్ని విమానాల్లోనూ ఉండవలసినదే. కానీ అదనపు డబ్బు పెట్టి ఆ కోణాన్ని చూపే ఇండికేటరును కొనుక్కోని విమానాల్లో ఆ హెచ్చరిక పనిచేయలేదు. రెండు విమానాలు కూలి, 2018 అక్టోబరు 29న 189 మంది, 2019 మార్చి 10న 157 మంది చనిపోయారు. తరువాత చేసిన మార్పుల్లో ఒకటి, రెండు సెన్సర్లనూ పోల్చి, తేడా 5.5 డిగ్రీలకు చేరితే ఎమ్‌క్యాస్‌ను పక్కన పెట్టడం. పోల్చడానికి కావలసిన రెండో సెన్సరు మొదటినుంచీ అక్కడే ఉంది.

అలారాల మోత

ఇప్పుడు నా వాదానికి ఎదురయ్యే మొదటి గట్టి అభ్యంతరం. ప్రతి లోపాన్నీ చెబుతూపోతే వినేవాడు ఏమైపోవాలి? 2010 నవంబరు 4న సింగపూరు నుంచి సిడ్నీకి బయల్దేరిన క్వాంటాస్ ఏ380లో ఒక ఇంజను డిస్కు పగిలి, ముక్కలు రెక్కలోకి దూసుకుపోయాయి. వైర్లు తెగాయి, హైడ్రాలిక్స్ దెబ్బతిన్నాయి, ఇంధనం కారింది. తెర మీద ఒకదాని తరువాత ఒకటిగా వచ్చిన సందేశాలన్నింటినీ చూసి, ఒక్కొక్కదానికీ చేయవలసింది చేయడానికి సుమారు 50 నిమిషాలు పట్టింది. ఆ రోజు కాక్‌పిట్‌లో అదృష్టవశాత్తు అయిదుగురు పైలట్లు ఉన్నారు. విమానంలోని 469 మందీ క్షేమంగా దిగారు. ఇద్దరే ఉండి ఉంటే ఏమయ్యేదన్న ఆలోచన రాకుండా ఆ సంఘటన గురించి చదవడం కష్టం.

ఈ అభ్యంతరం న్యాయమైనదే, కానీ అది నేను అడుగుతున్నదానికి తగలదు. పైలట్‌కు చెప్పమని నేను అనడం లేదు. 38,000 అడుగుల ఎత్తులో అయిదో యాక్సిలరోమీటరు సంగతి తెలిసి పైలట్ చేయగలిగింది ఏమీ లేదు, చెప్పకపోవడమే మేలు. చెప్పవలసింది ఆ రాత్రి హ్యాంగరులో విమానాన్ని చూసేవాడికి. ఒకే లోపాన్ని ఎగురుతున్నవాడికి దాచి, బాగుచేసేవాడికి చెప్పడంలో ఏ వైరుధ్యమూ లేదు.

విమానయానానికి ఈ పద్ధతి కొత్త కూడా కాదు. మినిమమ్ ఎక్విప్‌మెంట్ లిస్ట్ అని, అందరూ ఎం.ఇ.ఎల్. అనే పుస్తకం ప్రతి రకం విమానానికీ ఉంటుంది. ఏది చెడితే ఎగరకూడదో, ఏది చెడినా ఏ షరతుల మీద ఎగరవచ్చో అందులో రాసి ఉంటుంది. ఎగరవచ్చన్నవాటికి వర్గాలు ఉన్నాయి: బి వర్గానికి 3 రోజులు, సి వర్గానికి 10 రోజులు, డి వర్గానికి 120 రోజులు, లోపం కనుగొన్న రోజును వదిలేసి. ఏ వర్గం ఇవ్వాలన్నది ఆ భాగం పోయాక మిగిలే రక్షణను బట్టి ఉంటుంది. లాగ్‌బుక్కులో తేదీ పడుతుంది, కింద సంతకం ఉంటుంది. దిగివచ్చిన మనిషికీ, ఎక్కబోయే మనిషికీ అది కనబడుతుంది. తట్టుకోవడానికీ చెప్పడానికీ మధ్య ఇంతకంటే తెలివైన రాజీని నేను ఎక్కడా చూడలేదు. 777 పెట్టె లోపలి సెన్సరు ఈ పద్ధతికి అందకుండా పోవడానికి కారణం, అది బయటికి లోపంగానే కనబడకపోవడం. పెట్టె మొత్తం బాగుంది కాబట్టి పద్దులో రాయడానికి ఏమీ లేదు. భాగాలను ఒక పెట్టెలో పెట్టి మూత బిగించినంత మాత్రాన వాటి గడువులు మాసిపోకూడదన్నదే నా పట్టుదల.

యాంత్రిక బ్యాకప్ ఏదీ లేని విమానాలు నడిపేవాళ్ళు ఈ విషయంలో సహజంగానే జాగ్రత్తగా ఉంటారు. మన తేజస్ 2001 జనవరి 4న మొదటిసారి ఎగిరింది. కావాలనే అస్థిరంగా రూపొందించిన విమానం అది, కంప్యూటరు సరిదిద్దుతూ ఉండకపోతే నిలకడగా ఎగరదు. దాని ఫ్లై-బై-వైర్ (పైలట్ ఆదేశాలను తీగల మీదుగా కంప్యూటర్లు చేరవేసే ఏర్పాటు) నాలుగు సమాంతర చానళ్ళతో నడుస్తుంది. ఇలాంటి విమానాల్లో ఎగిరే ముందు వ్యవస్థ తనను తాను పరీక్షించుకుంటుంది. నాలుగు చానళ్ళలో ఒకటి పోయినా గాలిలో ఉన్న విమానం దిగివస్తుంది. అదే ఒకటి పోయిన స్థితిలో నేల మీద ఉన్న విమానాన్ని మాత్రం పంపరు. గాలిలో ఉన్న విమానానికి ఇచ్చే ఉదారత నేల మీద ఉన్నదానికి ఇవ్వనక్కరలేదన్న ఈ భేదం నాకు చాలా ఇష్టం.

సగం జవాబులు

రెండో అభ్యంతరం నన్ను ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. విప్పి బాగుచేయడం కూడా లోపాలను పుట్టిస్తుంది. ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ చేసినవాళ్ళను అడగండి, బాగా నడుస్తున్న పెట్టెను ముట్టుకోవద్దనే చెబుతారు. 2008 నవంబరు 27న ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్ దగ్గర సముద్రంలో కూలిన ఏ320 దీనికి మాట్లాడే సాక్ష్యం. రంగు వేసే పనిలో భాగంగా విమానాన్ని నీటితో కడిగినప్పుడు, సెన్సర్లకు ఇవ్వవలసిన రక్షణ ఇవ్వకపోవడంతో వాటిలోకి నీళ్ళు చేరాయి. పైకి వెళ్ళాక ఆ నీళ్ళు గడ్డకట్టి, మూడు యాంగిల్ ఆఫ్ అటాక్ సెన్సర్లలో రెండు దాదాపు ఒకే విలువ దగ్గర ఇరుక్కుపోయాయి. రెండూ ఒకే మాట మీద ఉన్నాయి కాబట్టి నిఘా వ్యవస్థకు అనుమానం రాలేదు. కాక్‌పిట్‌లో తక్కువ వేగపు రక్షణను పరీక్షించబోయారు, ఆ రక్షణ పనిచేయలేదు. విమానంలోని ఏడుగురూ చనిపోయారు.

ఇది నా వాదానికి రెండు వైపులా కోసే కత్తి. సంరక్షణ పేరుతో ముట్టుకోవడమే లోపానికి కారణమైంది, అది ఒకటి. ఇంకొకటి, అంగీకారాన్ని ఆరోగ్యానికి గుర్తుగా తీసుకునే వ్యవస్థకు, ఇద్దరు కలిసి తప్పు చెబితే పద్దులో రాయించవలసింది ఒకటి ఉందన్న సంగతే తెలియదు. గడువు పెట్టాలన్న నా సూత్రం, ముందు లోపం ఉందని తెలిసినప్పుడే పనికొస్తుంది. మొదటిదానికి నా జవాబు: గడువు అంటే వెంటనే విప్పమని కాదు, డి వర్గం వాటికి 120 రోజులు ఇచ్చినట్టు, విమానం ఎలాగూ పెద్ద తనిఖీకి వచ్చే రోజుదాకా ఇవ్వవచ్చు. రెండోదానికి జవాబు సగమే ఉంది. పోల్చడం ఒక్కదాని మీదే ఆధారపడకుండా, ఆ సెన్సరు అసలు కదులుతోందా అని విడిగా చూడవచ్చు. విమానం పైకి లేచి, మలుపు తిరిగి, వేగం తగ్గినా ఒక్క పిసరు కూడా మారని కోణం సహజమైనది కాదు. అయినా ఇలాంటి పరీక్ష ప్రతిదీ ఒక కొత్త సాఫ్ట్‌వేరు, దానిలో ఒక కొత్త దోషానికి చోటు.

మూడోది ఇంకా చిక్కు. 2008 అక్టోబరు 7న సింగపూరు నుంచి పెర్త్‌కు వెళ్తున్న క్వాంటాస్ ఏ330 37,000 అడుగుల దగ్గర ఒక్కసారిగా ముక్కు కిందికి దించింది, కాసేపటికి మరోసారి దించింది. 315 మందిలో వంద మందికి పైగా గాయపడ్డారు, బెల్టు పెట్టుకోనివారు కప్పుకు కొట్టుకున్నారు. వేగాన్నీ కోణాలనూ లెక్కగట్టి అందించే మూడు యూనిట్లలో మొదటిది యాంగిల్ ఆఫ్ అటాక్ విలువల్లో మధ్యమధ్య పెద్దపెద్ద గంతులు పంపింది, అవి చెల్లుబాటయ్యే డేటా అన్న ముద్రతోనే. నియంత్రణ కంప్యూటరు అలాంటి గంతును చూస్తే 1.2 సెకన్ల పాటు పాత మంచి విలువతోనే పనిచేస్తుంది. ఆ గడువు ముగిసే క్షణానికి సరిగ్గా మరో గంతు వస్తే దాన్ని నిజమనుకుంటుంది. ఆ రోజు అదే వచ్చింది. ఆ యూనిటే 2006 సెప్టెంబరులో కూడా ఒకసారి అలాగే ప్రవర్తించింది, అప్పటి పరీక్షల్లో ఏ లోపమూ కనబడక సేవలో కొనసాగింది. అంటే లోపం తనను తాను చెప్పుకుంది, మనుషులు రాసుకున్నారు, పరీక్షించారు, అయినా ఏమీ దొరకలేదు. వచ్చిపోయే లోపానికి ఏ గడువు పెట్టాలి? నా పద్ధతిలో దీనికి జవాబు లేదు. ఒకటి మాత్రం చేయవచ్చు. “లోపం కనబడలేదు” అన్న ముద్రతో పద్దును మూసేయకుండా, ఆ సీరియల్ నంబరు పక్కన పాత సంఘటనను తుడవకుండా ఉంచవచ్చు. రెండోసారి వచ్చినప్పుడు అదే మొదటిసారి అన్నట్టు ఎవరూ చూడకుండా ఉండడానికి అది పనికొస్తుంది.

కారుకు డిస్పాచర్ లేడు

ఇదంతా విమానాల గొడవ అని ఊరుకోవడానికి వీల్లేని రోజులు వచ్చాయి. స్టీరింగుకూ చక్రాలకూ మధ్య తీగలే తప్ప ఇనుప కడ్డీ లేని కార్లు రోడ్డెక్కాయి. 2013లో వచ్చిన ఇన్ఫినిటీ క్యూ50లో, అవసరమైతే కలుపుకునే క్లచ్చు ఒకటి యాంత్రిక బ్యాకప్‌గా ఉండేది. 2023 చివర్లో అమ్మకానికి వచ్చిన టెస్లా సైబర్‌ట్రక్‌లో అది కూడా లేదు. రెండు మోటార్లు, తోడు సెన్సర్లు, విడి పవర్ లైన్లు పెట్టి విమానాల పాఠాన్ని కార్లకు తెచ్చారు, సంతోషమే. ఎం.ఇ.ఎల్. మాత్రం రాలేదు. విమానాన్ని పంపాలా వద్దా అని నిర్ణయించే మనిషి (డిస్పాచర్) వేరు, నడిపే మనిషి వేరు. కారులో ఇద్దరూ ఒకరే, పైగా ఆ ఒకరికి పొద్దున్నే ఆఫీసుకు ఆలస్యమవుతూ ఉంటుంది. డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగితే మనలో చాలామంది ఏం చేస్తామో చెప్పనక్కరలేదు.

కాబట్టి ఇలాంటి కార్లలో పంపాలా వద్దా అన్న నిర్ణయాన్ని కొంత మేరకు కారుకే అప్పగించాలంటాను. రెండు స్టీరింగు మోటార్లలో ఒకటి పోతే, సాగుతున్న ప్రయాణాన్ని ముగించనివ్వాలి. ఆ తరువాత ఇన్ని రోజులే అని తెర మీద అంకె చూపించాలి. అంకె తగ్గేకొద్దీ గరిష్ఠ వేగాన్నీ తగ్గిస్తూ రావాలి. పూర్తిగా ఆపేయమని అనను. అర్ధరాత్రి ఇంట్లో ఎవరికో గుండెనొప్పి వచ్చినప్పుడు స్టార్టు కానని భీష్మించే కారు భద్రమైన కారు కాదు, పైగా అలాంటి కారుకు ఎర్ర తీగ కలిపేవాళ్ళు వారంలోపే ప్రతి ఊళ్ళోనూ పుట్టుకొస్తారు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో నడిచే కారు మనిషిని ఆసుపత్రికీ చేరుస్తుంది, మర్నాడు సర్వీసు సెంటరుకు వెళ్ళేలా విసిగిస్తుంది కూడా.

అక్కడ కూడా ఒక కన్నం మిగిలే ఉంటుంది. సర్వీసు సెంటరులో ల్యాప్‌టాప్ తగిలించి ఫాల్టు కోడ్ చెరిపేసి, భాగం మార్చకుండానే బిల్లు చేతిలో పెట్టడం మనకు తెలియని విద్య కాదు. అందుకని గడువును చెరిపే అధికారం ల్యాప్‌టాప్‌కు ఉండకూడదు. పాత మోటారు సీరియల్ నంబరు పోయి కొత్త నంబరు కారులోని డేటా బస్సు మీద కనబడినప్పుడు, లేదా ఉన్న మోటారే బాగైతే పూర్తి లోడు మీద స్వీయపరీక్షలో నెగ్గినప్పుడు మాత్రమే అంకె తుడిచిపెట్టుకుపోవాలి. అప్పుడైనా పాత సంఘటన రికార్డులో ఉండాలి, తరువాత ఆ కారును సెకండ్ హ్యాండ్‌లో కొనేవాడు అడిగితే కనబడేలా.